లండన్‌కి చెప్పకుండా

చికాగో పక్కన అరోరాలోని తెలుగువాళ్ళు డాక్టర్ పద్మినికి పెట్టిన పేరు బీబీసీ పద్మిని. ఎదురుగా అనేవారు కాదు లెండి. ఎదురుగా మాత్రం, ఎవరింట్లో భోజనాలైనా సరే, విస్తట్లో పప్పు పడేలోపే ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు: "డాక్టరుగారూ, బీబీసీ ఏమంటోంది?" అందులో వెటకారం పాలు ఎంతో ఆవిడ ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని, అడిగిన పాపానికి అంతా వివరంగా చెప్పేది.

ఆవిడ ఆస్పత్రిలో మత్తుమందు డాక్టరు. ఆపరేషన్‌కి ముందు రోగిని నిద్రపుచ్చి, అది అయ్యేదాకా తలాపున కూచుని నాడీ, ఊపిరీ కనిపెట్టుకుని ఉండటం ఆవిడ పని. "మా ఆవిడ ప్రపంచ రాజకీయాలు మొదలుపెడితే వేరే మత్తుమందు దండగ" అనేవాడు భర్త శ్యామ్‌సుందర్. ఆయన జోలియట్ దగ్గర ఓ రిఫైనరీలో ఇంజనీరు. మనిషి నెమ్మదస్తుడు. ఆవిడ మాటకి అడ్డు చెప్పడం కన్నా గడ్డి కోసుకోవడం సుఖమని ఆయనకి అనుభవం మీద తెలిసింది.

గుంటూరులో డాక్టరీ చదివి, అరవైలో ఇంగ్లండు వెళ్ళింది పద్మిని. ఉత్తరాన విగన్ అనే బొగ్గుగనుల ఊళ్ళో ఉద్యోగం. మొదటి చలికాలం బొగ్గుపొయ్యి రాజెయ్యడం చేతకాక కోటు వేసుకునే మంచమెక్కితే, పక్కింటి ముసలావిడ తలుపు తట్టి, తిట్టి, పొయ్యి వెలిగించి వెళ్ళింది. విద్య పుట్టింది ఆ ఊళ్ళోనే. అన్నేళ్ళు పనిచేసినా పైపోస్టు మాత్రం రాలేదు. ప్రతిసారీ నిన్నగాక మొన్న వచ్చిన తెల్లకుర్రాడెవడో ఎగరేసుకుపోయేవాడు. చివరికి డెబ్బై నాలుగులో విసుగెత్తి అమెరికా వచ్చేశారు. ఇక్కడ రెండేళ్ళలో పెద్ద డాక్టరైంది. "పోస్టు కూడా ఇవ్వని ఊరి మీద నీకీ ప్రేమేమిటి పద్మా?" అని శ్యామ్‌సుందర్ అడిగితే, "పుట్టింటివాళ్ళు చీర పెట్టకపోతే పుట్టిల్లు కాకుండా పోతుందా?" అనేది.

అందుకే వంటింటి కిటికీలో షార్ట్‌వేవ్ రేడియో, దాని తీగ కర్టెన్ కడ్డీకి చుట్టి ఉండేది. అందుకే టీ కప్పులో పాలు ముందు, డికాషన్ తర్వాత. అందుకే అక్కడ తీసుకున్న బ్రిటిష్ పాస్‌పోర్టు కూడా మార్చలేదు.

అమెరికా గురించి ఆవిడకో సిద్ధాంతం ఉండేది. అమెరికా డబ్బొచ్చిన మేనల్లుడు. ఇంగ్లండు ఆస్తి కరిగిపోయిన మేనమామ. మేనల్లుడు చివరికి తను అనుకున్నదే చేస్తాడు, కాదనడానికి మామయ్య దగ్గర ఏముంది గనక! అయినా ఏ కార్యం తలపెట్టినా ముందుగా వెళ్ళి, "మామయ్యా, ఇలా అనుకుంటున్నాం" అని ఒక మాట చెవిన వేసి వస్తాడు. మామయ్య "కానీ నాయనా" అంటాడు. ఆ మాట వెయ్యకుండా మేనల్లుడు పందిరిగుంజ కూడా పాతడని ఆవిడ నమ్మకం.

టెహ్రాన్‌లో అమెరికా వాళ్ళని బందీలుగా పట్టుకున్న రోజుల్లో ఈ సిద్ధాంతానికి గిరాకీ పెరిగింది. టీవీ పెడితే కోపం వచ్చేది, పేపరు తీస్తే భయమేసేది, బీబీసీ అయితే నిదానంగా చెబుతుంది కదా అని జనం ఆవిడ చుట్టూ చేరేవారు. ఆ తర్వాత ఫాక్‌లాండ్ దీవుల కోసం ఇంగ్లండూ అర్జెంటీనా కొట్టుకున్నప్పుడు అమెరికా కొన్నాళ్ళు గోడ మీద పిల్లిలా కూచుంది. "చూస్తూ ఉండండి, మామయ్య పక్కకే దూకుతాడు" అంది పద్మిని. దూకాడు. ఇంక ఆవిడని పట్టడం కష్టమైంది.

అంతకుముందే, డెబ్బై తొమ్మిదిలో, శ్యామ్‌సుందర్ కోర్టుకి వెళ్ళి చెయ్యెత్తి ప్రమాణం చేసి అమెరికా పౌరుడయ్యాడు. పద్మిని వెళ్ళలేదు. విద్యకి అప్పుడు పదిహేడేళ్ళు. తల్లీ తండ్రీ ఇద్దరూ పౌరులైతే మైనరు పిల్లలకి పౌరసత్వం దానంతటదే వస్తుంది, ఒక్కరైతే రాదని లాయరు విడమర్చి చెప్పాడు కూడా. "దానికేం తొందర, పెద్దయ్యాక కావాలంటే అదే తీసుకుంటుంది" అంది ఆవిడ. అలా ఆ ఇంట్లో ఒక అమెరికన్, ఇద్దరు బ్రిటిష్‌వాళ్ళు మిగిలారు. గ్రీన్‌కార్డులున్నాయి, రోజులు గడిచిపోయాయి, ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

విద్యకి ఇక్కడ మెడికల్ సీటు రాలేదు. కరీబియన్ దీవుల్లో గ్రెనడా అనే చిన్న దేశంలో, అమెరికా పిల్లల కోసమే పెట్టిన కాలేజీ ఒకటుంటే అక్కడ దొరికింది. శ్యామ్‌సుందర్ జంకాడు. "అక్కడ విప్లవ ప్రభుత్వమట, క్యూబా వాళ్ళున్నారట" అన్నాడు. పద్మినికి మాత్రం ఆ దేశం చూడకుండానే నచ్చింది. నోటు మీద రాణీగారి బొమ్మ ఉంది. కార్లు ఎడమపక్క నడుస్తాయి. పిల్లలు క్రికెట్ ఆడతారు. "విప్లవాలు వస్తాయి, పోతాయి. అది కామన్‌వెల్త్ దేశమండీ" అని సర్ది చెప్పి, ఎనభై మూడు ఆగస్టులో పిల్లని విమానం ఎక్కించింది.

అక్టోబరులో ఆ దీవి ప్రధానమంత్రిని ఆయన మనుషులే పట్టుకుని కాల్చేశారు. కర్ఫ్యూ పెట్టారు, గడప దాటితే కాల్చేస్తామన్నారు. ఆ వారమంతా పద్మిని ఆపరేషన్ థియేటర్లో ఉన్నా మనసు వంటింటి రేడియో దగ్గరే ఉంది. అయినా పైకి బింకంగానే ఉంది. అమెరికా యుద్ధనౌకలు అటు తిరిగాయని టీవీలో చెబితే, "బెదిరించడానికిలే" అంది.

ఆదివారం నాడు బీరూట్‌లో అమెరికా సైనికులున్న భవనాన్ని ఎవరో బాంబుతో పేల్చేశారు. పొద్దుటినుంచీ టీవీ నిండా శిథిలాలే, స్ట్రెచర్లే. శ్యామ్‌సుందర్ సోఫా అంచున కూచుని కదలకుండా చూస్తున్నాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. విద్య.

"అమ్మా, రేపు చిన్న ప్లేన్ ఒకటి వెళ్తుంది. నా రూమ్మేట్ డాడ్ బుక్ చేశాడు. అందులో ఒక సీట్ ఉంది అమ్మా. నేను రానా, ఉండనా?"

"అక్కడెలా ఉందే?"

"ఇప్పుడు క్వయెట్‌గా ఉంది. సోల్జర్స్ వచ్చి మీకేం కాదు అన్నారు. కాలేజ్ వాళ్ళు క్లాసెస్ పెడతాం అంటున్నారు. అనాటమీ టెస్ట్ ఉంది. కానీ కొంతమంది చాలా స్కేర్ అవుతున్నారు."

శ్యామ్‌సుందర్ లేచి వచ్చాడు. "రమ్మను" అన్నాడు. "ఇవాళ ఇంతమంది కుర్రాళ్ళు చచ్చిపోయారు పద్మా. దెబ్బ తిన్నవాడు ఊరుకోడు. ఎక్కడో అక్కడ చెయ్యి చేసుకుంటాడు."

పద్మిని ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది. "బీరూట్ ఎక్కడ, గ్రెనడా ఎక్కడ? అది రాణీగారి దేశమండీ! లండన్‌కి చెప్పకుండా అక్కడ కాలు పెట్టరు. లండన్‌కి చెబితే బీబీసీకి తెలియకుండా ఉంటుందా? పొద్దున్నే విన్నాను, అలాంటిదేమీ లేదు."

"అన్నీ చెప్పే చేస్తారా?"

"వీళ్ళు చెబుతారు" అంది పద్మిని. చెయ్యి తీసి కూతురితో, "కంగారుపడకు. ఏం జరగదు. ఇప్పుడు వచ్చేస్తే టెస్ట్ పోతుంది, టర్మ్ పోతుంది. ఉండు" అంది.

"ష్యూరా అమ్మా?"

"ష్యూర్."

"ఓకే అయితే" అంది విద్య. ఆ గొంతులో బరువు దిగినట్టు పద్మినికి స్పష్టంగా వినిపించింది. పిల్లకి ధైర్యం చెప్పానన్న తృప్తి ఆ పూటంతా ఉంది.

సోమవారం ఆ తృప్తి రెట్టింపైంది. లండన్‌లో మంత్రిగారు పార్లమెంటులో లేచి, అమెరికా దండెత్తుతుందనుకోవడానికి తనకేమీ కారణం కనబడలేదని చెప్పినట్టు బీబీసీ చెప్పింది. పద్మిని రేడియో గొంతు పెంచింది, హాల్లో ఉన్న మొగుడికి వినబడాలని.

మంగళవారం పొద్దున్న కప్పులో పాలు పోసి, డికాషన్ పొయ్యబోతుంటే శ్యామ్‌సుందర్ పిలిచాడు. ఆ పిలుపులోనే తెలిసింది. టీవీలో గ్రెనడా మ్యాపు, దాని మీద బాణాలు. అమెరికా సైన్యం దిగింది. విద్యార్థుల ప్రాణాలు కాపాడటానికే దిగామని అధ్యక్షుడు చెబుతున్నాడు. కాపాడటానికి వెళ్ళినవాళ్ళు విమానాల్లోంచి కాలుస్తున్నారు, కింద నుంచి ఎవరో తిరిగి కాలుస్తున్నారు. ఆ రెండింటి మధ్యా ఎక్కడో సముద్రం పక్కన హాస్టలుంది.

ఫోన్ చేస్తే గుయ్యిమన్న మోత తప్ప ఏమీ లేదు. చేసింది, మళ్ళీ చేసింది. ఆస్పత్రికి ఫోన్ చేసి రానని చెప్పింది. ఈ స్థితిలో ఒకరి ఊపిరి పట్టుకుని కూచోవడం తప్పని ఆవిడకి తెలుసు.

తర్వాత రేడియో పెట్టింది. లండన్ మండిపడుతోంది. ముందుగా సరైన మాటైనా చెప్పలేదట. వద్దని తమ ప్రధానమంత్రి అన్నా వినలేదట. రాణీగారు అధినేతగా ఉన్న దేశం మీదికి మిత్రదేశమే దండెత్తడమేమిటని పార్లమెంటులో సభ్యులు అరుస్తున్నారట. పరువు, కామన్‌వెల్త్, అవమానం. ఎప్పటిలాంటి నిదానమైన గొంతే. మామయ్యకి చెప్పకుండా పెళ్ళి చేసేశారు, మామయ్య అలిగాడు. ఇన్నేళ్ళూ ఆ అలకలన్నీ తన అలకలే అనుకుంది పద్మిని. ఈ పూట మాత్రం ఆ పెద్దమనిషి మీద ఒళ్ళు మండింది. వీళ్ళకి పోయింది పరువే కదా, నా పిల్ల అక్కడుంది అనుకుంది. రేడియో కట్టేసింది. అయిదు నిమిషాలు గడవకుండా మళ్ళీ పెట్టింది.

టీవీలో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే చాలాసేపటికి ఎవరో అమ్మాయి ఎత్తింది. పేరు, ఊరు అడిగింది. "మీ అమ్మాయి అమెరికన్ సిటిజనేనా?" అని అడిగింది.

"కాదు. బ్రిటిష్."

"పేరు రాసుకుంటానండీ. కానీ మీరు బ్రిటిష్ వాళ్ళని కూడా అడిగితే మంచిది."

చికాగోలో బ్రిటిష్ వాళ్ళ ఆఫీసుకి చేసింది. ఎవరో పెద్దాయన ఎత్తాడు, ఆ మర్యాదా, ఆ యాసా వింటే విగన్ ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. "అమ్మా, దాచేదేముంది, మాకు తెలిసింది కూడా రేడియోలో విన్నదే" అన్నాడు. తెలిసిన వెంటనే చెబుతానని పేరు రాసుకున్నాడు. తర్వాత మామూలుగానే అడిగాడు: "అమ్మాయిని బయల్దేరమని ఎవరూ సలహా ఇవ్వలేదా?"

"ఉండమన్నారు" అంది పద్మిని.

"ఎవరు?"

పద్మిని థాంక్యూ అని పెట్టేసింది.

శ్యామ్‌సుందర్ ఇంత జరిగినా ఒక్క మాట అనలేదు. సాయంత్రం, అమెరికన్ పౌరుల్ని విమానాల్లో తరలించబోతున్నారని టీవీలో వచ్చినప్పుడు ఆయనకీ కట్ట తెగింది. "ఆ రోజు నువ్వూ వచ్చి చెయ్యెత్తి ఉంటే అది అమెరికన్ అయ్యుండేది. నీ రాణీ, నువ్వూ! ఇప్పుడు ఏ లైన్లో నిలబడుతుంది నా కూతురు?" అని అరిచాడు. అరిచి, వెంటనే వచ్చి పక్కన కూచున్నాడు. పద్మిని ఏడవలేదు, ఏడిస్తే బాగుండునని ఆయనకే అనిపించింది. ఆవిడ తన మణికట్టు తనే పట్టుకుని నాడి చూసుకుంటోంది. అలవాటైన చెయ్యి అది.

మర్నాడు స్నేహితురాలు హైమ చారూ అన్నమూ పట్టుకొచ్చింది. గిన్నె స్టవ్ మీద పెడుతూ, నోటి అలవాటు చొప్పున, "బీబీసీ ఏమంటోందండీ?" అనేసి, అనగానే నాలిక కరుచుకుంది. "ఏమీ అనడం లేదు హైమా" అంది పద్మిని. నిజానికి చాలా అంటోంది. విద్యార్థులకి అసలు ప్రమాదమే లేదని అక్కడెవరో అంటున్నారట. టీవీలోనేమో ఇంకొక్క రోజు ఆలస్యమైతే అందరూ టెహ్రాన్ బందీల్లా అయిపోయేవారంటున్నారు. ఎవరి మాట నిజమైతే తను ఎంత తప్పు చేసినట్టో పద్మిని కూడికలూ తీసివేతలూ వేసుకుంటూ ఉండిపోయింది. ఎటు కలిపినా చివరికి "ఉండు" అన్న తన మాటే తేలుతోంది.

ఆ సాయంత్రం దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో మొదటి విమానం దిగింది. పిల్లలు మెట్లు దిగుతున్నారు. ఒక కుర్రాడు మోకాళ్ళ మీద వంగి నేలని ముద్దు పెట్టుకున్నాడు. దాన్నే మళ్ళీ మళ్ళీ చూపించారు. పద్మిని ఆ కుర్రాణ్ణి చూడలేదు, వాడి వెనక మెట్ల మీద నల్లజుట్టు కోసం చూసింది. ముద్దు పెట్టిన ప్రతిసారీ చూసింది. విద్య లేదు. "ఇంకో చోట కూడా పిల్లలున్నారట, వాళ్ళని ఇంకా తేవాలట" అన్నాడు శ్యామ్‌సుందర్. ఆ రాత్రి ఇద్దరూ సోఫాలోనే ఉండిపోయారు.

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగితే ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు.

"అమ్మా, నేను. చార్ల్‌స్టన్‌లో ఉన్నాను. ఐ యామ్ ఓకే."

పద్మిని ఫోన్ తన వైపు లాక్కుంది. "దెబ్బలేమైనా తగిలాయా? తిన్నావా? పాస్‌పోర్టు ఉందా?" వరసగా అడిగింది.

"పాస్‌పోర్ట్ రూంలో ఉండిపోయింది. బీచ్‌లో హెలికాప్టర్ ఎక్కించారు. రన్ చెయ్యమన్నారు, చేశాను."

"మరి బ్రిటిష్ అని చెప్పావా? ఏమన్నారు?"

"ఎవరూ అడగలేదమ్మా. ఒక సోల్జర్ ఒకటే అడిగాడు, పరిగెత్తగలవా అని."

ఇంటికొచ్చిన విద్య మొదటి వారం మంచం మీద పడుకోలేదు. పరుపు కిందకి లాక్కుని, గోడవారగా పడుకునేది. అక్కడ కాల్పులు మొదలైనప్పుడు రూమ్మేటూ తనూ పరుపు మీద వేసుకుని మంచం కింద ఉన్నారట. ఆ రూమ్మేటు కూడా, విద్య రావడం లేదు కదా అని, తండ్రి బుక్ చేసిన ప్లేన్ వదులుకుని ఉండిపోయిందట. ఈ మాట విద్య పళ్ళు తోముకుంటూ చాలా మామూలుగా చెప్పింది. పద్మిని తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

దీపావళికి చర్చి హాల్లో తెలుగువాళ్ళ భోజనాలు. అందరూ విద్య చుట్టూ చేరారు. "మనవాళ్ళు వచ్చి కాపాడకపోతే ఏమయ్యేదో కదమ్మా!" అన్నాడు ఒకాయన. "వాళ్ళు వచ్చేదాకా బాగానే ఉన్నాం అంకుల్. షూటింగ్ వాళ్ళతోనే వచ్చింది" అంది విద్య. "అదే బీబీసీ కూడా అన్నది, అసలు ప్రమాదమే లేదని" అంది వెనకనుంచి ఎవరో ఆవిడ, పద్మినిని సంతోషపెడదామని. విద్య గిరుక్కున తిరిగింది. "నో ఆంటీ! అంతకుముందు వీక్ బయటికొస్తే కాల్చేస్తాం అన్నారు. బీబీసీ వాళ్ళు మా డార్మ్‌లో ఉన్నారా?" జనం పద్మిని వైపు చూశారు. ఏదో ఒకటి చెబుతుంది కదా అని. పద్మిని వంగి, పక్కవాళ్ళ పిల్లాడి విస్తట్లో పూర్ణం బూరె వేసింది.

క్రిస్మస్ వెళ్ళాక, ఓ ఆదివారం మధ్యాహ్నం, తల్లీ కూతురూ వంటింటి బల్ల దగ్గర కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. బయట మంచు. కిటికీలో రేడియో చిన్నగా ఏదో చెబుతోంది. పద్మిని దాన్ని మానలేదు, మానడం అంత తేలికా? కాకపోతే ఇప్పుడు దాంతో పోట్లాడుతూ వింటోంది.

"అమ్మా, కాలేజ్ మళ్ళీ అక్కడే ఓపెన్ చేస్తున్నారు. కావాలంటే ఇక్కడ వేరే కాలేజ్‌లో క్లాసెస్‌కి కూచోవచ్చు అని కూడా అన్నారు." విద్య కాయ మీద నుంచి కళ్ళెత్తలేదు. "వెళ్ళనా, ఉండనా?"

దాదాపు అవే మాటలు. పద్మిని నాలిక చివర రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. అంతా సర్దుకుందని టీవీ చెప్పినది ఒకటి. సర్దుకోవడానికి చాలాకాలం పడుతుందని లండన్ చెప్పినది ఒకటి. ఎటు కావాలంటే అటు పది కారణాలు చెప్పగలదు. లేచి రేడియో కట్టేసి వచ్చి కూచుంది.

"నాకు తెలీదు విద్యా."

విద్య తలెత్తింది. ఆ మాట ఆ నోటి నుంచి పుట్టి బుద్ధెరిగాక విని ఎరగదు. "నిజంగానా?"

"నిజంగానే. తెలీదు."

విద్య ఇంకో కాయ తీసింది, ఈనె లాగింది, పళ్ళెంలో వేసింది. "ఆ సండే కూడా నీకు తెలీదు కదమ్మా?"

"తెలీదు."

"అదే చెప్పుంటే నేనే ఆలోచించుకునేదాన్ని" అంది విద్య. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే పద్మిని ఎలాగో తట్టుకునేది.

కాయలు అయిపోయాయి. పద్మిని ఈనెలన్నీ ఒక్కచోటికి పోగుచేసి, మళ్ళీ చెదరగొట్టి, మళ్ళీ పోగుచేసింది.

"వెళ్తాను" అంది విద్య ఆఖరికి.

"వెళ్ళు" అంది పద్మిని. "కానీ అక్కడ భయమేసిందనుకో, ఫోన్ చేసి నన్ను అడక్కు. వచ్చెయ్."